ఓక్ ట్రీ రోడ్డు మీద కాలినడక

ఎడిసన్ అనగానే బడిలో చదువుకున్న బల్బు పాఠం గుర్తొస్తుంది కదా! ఆ ఎడిసన్ పేరే ఈ ఊరికి. 1876లో థామస్ ఎడిసన్ ఇక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. ఫోనోగ్రాఫ్ అక్కడే పుట్టింది, చాలాసేపు ఆరకుండా వెలిగే బల్బూ అక్కడే వెలిగింది. అప్పట్లో ఈ ప్రాంతం పేరు రారిటన్ టౌన్‌షిప్. 1954లో ఆయన పేరు పెట్టుకున్నారు. క్రిస్టీ స్ట్రీట్ మీద తల మీద పెద్ద గాజు బల్బుతో ఒక స్మారక స్తంభం ఉంది, దాని పక్కన చిన్న మ్యూజియం. ఇండియా నుంచి వచ్చిన చుట్టాల్ని తీసుకెళ్తే పది నిమిషాలు చూస్తారు, ఫొటో దిగుతారు, "సరేగానీ, మన షాపులన్నీ ఎక్కడ?" అంటారు.

మన షాపులన్నీ ఓక్ ట్రీ రోడ్డు మీద ఉన్నాయి.

డాలస్‌లోనో షార్లెట్‌లోనో ఉన్న మా అక్కచెల్లెళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. "మాకు మాత్రం లేవా? ఇంటికి పది నిమిషాల్లో నాలుగు ఇండియన్ స్టోర్లు, ఆరు బిర్యానీ హోటళ్ళు" అంటారు. నిజమే, ఇప్పుడు గోంగూర దొరకని ఊరు అమెరికాలో తక్కువే. కానీ అక్కడ కూరగాయలకి ఒకచోట కారు ఆపాలి, బ్లౌజు కుట్టించుకోవడానికి మరోచోట ఆపాలి, ఇడ్లీ తినడానికి ఇంకోచోట. ఓక్ ట్రీ రోడ్డు మీద ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి, మైలు పైచిలుకు దూరం వరుసగా ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ ఉంటుంది. ఈ ఫుట్‌పాత్ విలువ కారు నడపడం రాని రోజుల్లో ఈ దేశానికి వచ్చిన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు.

రోడ్డు ఒక కొస ఐసెలిన్‌లో రూట్ 27 దగ్గర ఉంటుంది. ఐసెలిన్ వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో భాగం. అక్కడి నుంచి ఎడిసన్‌లోకి వచ్చి, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ వైపు సాగిపోతుంది. ఎక్కడ ఏ ఊరు మొదలైందో మనలో ఎవరికీ పట్టదు, అన్నిటినీ కలిపి ఎడిసన్ అనేస్తాం. తేడా కంటికి మాత్రం తెలుస్తుంది. ఐసెలిన్ వైపు షాపులు చిన్నవి, రోడ్డుకి ఆనుకుని మన బజారు వీధిలా ఉంటాయి. ఎడిసన్ వైపు వస్తే ప్లాజాలు, వాటి ముందు పెద్ద పార్కింగ్ లాట్లు. నడవడానికి ఐసెలిన్ వైపు బాగుంటుంది, వారం సరుకులు కారులో నింపుకోవడానికి ఎడిసన్ వైపు.

నేను 2007లో హెచ్-4 వీసా మీద వచ్చాను. మావారు పొద్దున్నే కారు మెట్రోపార్క్ స్టేషన్‌లో పెట్టి న్యూయార్క్ రైలెక్కేవారు. కారు రోజంతా అక్కడే ఉండేది. ఇంట్లో ఉన్నా నాకు నడపడం రాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, సిటీ బస్సులో వేలాడి, ఆటోవాళ్ళతో దెబ్బలాడి బతికిన మనిషిని ఇక్కడికొచ్చేసరికి పాల డబ్బాకి కూడా శనివారం దాకా ఆగాల్సి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ నుంచి ఓక్ ట్రీ రోడ్డుకి ఇరవై నిమిషాల నడక. అది తెలిసిన రోజు నుంచి పాపని స్ట్రోలర్‌లో పెట్టుకుని రోజూ బయల్దేరేదాన్ని. కొనేది ఒక్కోసారి కొత్తిమీర కట్టే. అయినా నా అంతట నేను వెళ్ళి, నా చేత్తో డబ్బిచ్చి, నలుగురితో మాట్లాడి వచ్చేదాన్ని.

ఈ వీధిని మనవాళ్ళు కట్టలేదు. ఆ గౌరవం ముందు గుజరాతీలకి ఇవ్వాలి. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది జెర్సీ సిటీ, న్యూయార్క్ చుట్టుపక్కల స్థిరపడి, తర్వాత ఇల్లు కొనుక్కోవడానికి ఇటు వచ్చారు. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో ఐసెలిన్ వైపు ఖాళీ పడిపోతున్న దుకాణాలు అద్దెకి తీసుకుని ఒక్కొక్కటిగా తెరిచారు. అవి తేలికైన రోజులు కావు. 1987లో జెర్సీ సిటీలో 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న ముఠా ఒకటి, భారతీయుల్ని ఊళ్ళోంచి వెళ్ళగొడతామని పత్రికకి ఉత్తరం రాసింది. డాట్ అంటే మన బొట్టు. ఆ ఏడాదే పక్కన హోబోకెన్‌లో కొందరు కుర్రాళ్ళు కొట్టిన దెబ్బలకి నవ్‌రోజ్ మోదీ అనే భారతీయుడు చనిపోయాడు. ఆ రోజుల్లో బొట్టు తీసేసి బయటికి వెళ్ళేవాళ్ళమని చెప్పిన పెద్దావిడలు నాకు తెలుసు. ఇప్పుడు అదే బొట్టు బిళ్ళల అట్టలు ఓక్ ట్రీ రోడ్డు మీద గాజుల దుకాణంలో గుమ్మం పక్కనే గుత్తులుగా వేలాడుతుంటాయి. మా అమ్మాయి వాటిలో రాళ్ళవి ఏరుకుంటుంటే ఆ పెద్దావిడలే గుర్తొస్తారు.

2010లో టైమ్ పత్రికలో జోయెల్ స్టైన్ అనే ఈ ఊళ్ళో పెరిగిన రచయిత, తన చిన్ననాటి ఎడిసన్ ఇండియన్లతో నిండిపోయిందని వెటకారంగా ఒక వ్యాసం రాశాడు. పెద్ద గొడవే అయింది, చివరికి పత్రికా, ఆయనా విచారం వెలిబుచ్చారు. ఆయన పోయిందని బాధపడిన పిజ్జా షాపుల మీద నాకేం కోపం లేదు. 2020 లెక్కల్లో ఎడిసన్ జనాభా లక్షా ఏడువేలు దాటింది. ఇంతమందికి ఇల్లూ, పనీ, బజారూ ఉన్న ఊరు ఎవరి చిన్నతనంలాగానూ మిగిలిపోదు, మన అమలాపురమైనా, వరంగలైనా అంతే.

గుజరాతీలు కట్టిన బజారు కాబట్టి నా కూరగాయల చదువు గుజరాతీలోనే మొదలైంది. దొండకాయల మీద 'తిండోరా' అని ఉంటుంది, బీరకాయల మీద 'తురియా', సొరకాయ మీద 'దూధీ', గోరుచిక్కుడు మీద 'గువార్', కంద మీద 'సూరన్'. గుత్తి వంకాయ కోసం షాపంతా తిరిగి దొరకలేదని వెళ్ళిపోతుంటే కౌంటర్ దగ్గర ఒక గుజరాతీ ఆంటీ చెప్పింది, ఆ చిన్న వంకాయల్ని 'రవైయా' అంటారని. గోంగూరని 'అంబాడీ' అంటే మరాఠీవాళ్ళు చూపిస్తారనీ, ఇడ్లీకి పొట్టు తీసిన గుండు మినపప్పు కావాలంటే 'ఉరద్ గోటా' అని అడగాలనీ కూడా ఆవిడే నేర్పింది. బదులుగా గోంగూర పచ్చడి ఒక సీసా ఇచ్చాను. వారం తర్వాత కనిపించి, రొట్టెలోకి బాగుందంది. కొత్తగా వచ్చిన చెల్లెళ్ళకి నేనిచ్చే మొదటి కానుక ఈ పేర్ల పట్టికే.

పటేల్ బ్రదర్స్ గురించి మీకు చెప్పేదేముంది! 1974లో షికాగో డెవాన్ ఎవెన్యూలో ఒక్క షాపుతో మొదలైనది దేశమంతా పాకింది. సబ్జీ మండీ, అప్నా బజార్ లాంటివీ పెద్దవే. బియ్యం, పప్పులు, పిండి అక్కడే చవక, నేనూ అక్కడే కొంటాను. 2023 జూలైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసినప్పుడు సోనా మసూరి బస్తాల కోసం మనవాళ్ళు ఎలా ఎగబడ్డారో చూశారుగా! ఇక్కడా అంతే. ట్రాలీల్లో ఐదేసి బస్తాలు, గంటలో ఖాళీ అయిన అరలు. ఆ వారం నాకు బియ్యం దొరికింది ఒక చిన్న షాపులో. కౌంటర్ వెనకాల ఉన్నావిడ నాలుగు బస్తాలు పక్కన పెట్టి, "చిన్నపిల్లలూ, పెద్దవాళ్ళూ ఉన్న ఇళ్ళకి" అంది. ధర ఒక్క డాలరు కూడా పెంచలేదు. వచ్చే ఏడాది సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. బియ్యం గొడవ అందరం మర్చిపోయాం, నేను ఆవిణ్ణి మాత్రం మర్చిపోలేదు.

ఇక తిండి సంగతి. తెలుగువాళ్ళం కదా అని ఓక్ ట్రీ రోడ్డుకొచ్చి బిర్యానీయే తిని వెళ్ళిపోతే ఈ వీధిని సగమే చూసినట్టు. ఐసెలిన్ వైపు చౌపాటీలో భేల్, సేవ్ పూరీ తినండి. ఖంభాత్ నుంచి వచ్చిన మిఠాయి కుటుంబం పేరు మీద నడిచే సుఖాడియాస్‌లో హల్వాసన్ ఒక ముక్క అడగండి. పాలు విరిచి, గోధుమ రవ్వ వేసి, పంచదార మాడించి చేస్తారు. నమిలితే మన పాలకోవాకి దూరపు చుట్టంలా ఉంటుంది. ఝూప్‌డీలో కాఠియావాడీ భోజనం దొరుకుతుంది. సజ్జ రొట్టె, వెన్న, 'రింగణ్ నో ఓళో' అనే కాల్చిన వంకాయ కూర. మొదటిసారి తిన్నప్పుడు మా అత్తగారు, "ఇది మన కాల్చిన వంకాయ పచ్చడేగా, చింతపండు మర్చిపోయారు" అన్నారు. తర్వాత వచ్చినప్పుడల్లా ముందు అక్కడికే పదమనేవారు.

పెళ్ళిరోజులకీ, ఆఫీసు స్నేహితుల్ని పిలవడానికీ మొఘల్ ఉంది, ఏళ్ళుగా ఎడిసన్ వైపు పెద్ద భోజనమంటే అదే. దక్షిణాది టిఫినుకి స్వాగత్ గూర్మే మా ఇంట్లో అందరికీ నచ్చిన చోటు, శాకాహారులైన పెద్దవాళ్ళని అనుమానం లేకుండా తీసుకెళ్ళొచ్చు. చెన్నై శరవణ భవన్ కూడా ఓక్ ట్రీ రోడ్డు మీదకి వచ్చింది. దోసె ఎక్కడ బాగుంటుందన్న విషయం మీద మా ఇంట్లో రెండు పార్టీలు, అందులోకి మిమ్మల్ని లాగను.

బిర్యానీ హోటళ్ళ పేర్లు కావాలనే రాయడం లేదు. నేను చూస్తుండగా ఒకే గుమ్మం మీద మూడు బోర్డులు మారాయి. వంటమనిషి వెళ్ళిపోతే పేరున్నా రుచి ఉండదు. అందుకని పేరు బదులు నా పద్ధతి చెప్తాను. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్ళండి. బిర్యానీ కాకుండా భోజనం అడగండి. పప్పు వేడిగా, పోపు వాసనతో వచ్చిందా? చారులో చింతపండు తెలుస్తోందా? పచ్చడి డబ్బాలోంచి తీసిందా, ఆ పూట నూరిందా? ఈ మూడూ సరిగ్గా ఉన్న చోట బిర్యానీ కూడా బాగుంటుంది. పప్పు కుదరని వంటింట్లో బిర్యానీ ఒక్కటే కుదరడం నేనింతవరకూ చూడలేదు. ఇంట్లో అన్నం వండుకుని కూరలు మాత్రం కొనుక్కునే మన కర్రీ పాయింట్ అలవాటు కూడా ఇక్కడికి వచ్చింది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి గురువారం సాయంత్రం అంతకన్నా పెద్ద పండగ లేదు.

మే, జూన్ నెలల్లో వస్తే మామిడిపళ్ళు చూడండి. 2007లో భారతీయ మామిడికి అమెరికా తలుపు తెరిచింది. కేసర్, ఆల్ఫాన్సో పెట్టెలు ముందొస్తాయి, అదృష్టం ఉంటే బంగినపల్లీ దొరుకుతుంది. ధర చూసి గుండె జారుతుంది. అయినా ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఒక పెట్టె కొనండి, ఆ వాసనకి వాళ్ళ ముఖంలో వచ్చే మార్పుకి లెక్క కట్టలేం.

ఇక చీరలు. న్యూజెర్సీలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు, పక్క రాష్ట్రాలవాళ్ళు పెళ్ళి కొనుగోళ్ళకి ఇటు రావడానికి అదీ ఒక కారణం. నగల మీద మాత్రం 6.625 శాతం పన్ను ఉంది, బేరం ఆడేముందు అది కలిపి లెక్కేసుకోండి. బంగారానికి పెద్ద పేర్లన్నీ వచ్చేశాయి. టానిష్క్ అమెరికాలో తన మొదటి దుకాణాన్ని 2023లో ఈ రోడ్డు మీదే తెరిచింది. అయినా తెగిన గొలుసు అతికించడానికీ, అమ్మమ్మ నానుతాడుకి కొత్త కొక్కెం పెట్టించడానికీ నేను చిన్న కొట్టుకే వెళ్తాను. అద్దం బల్ల వెనకాల తాత కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, ఎదురుగానే పని చేసిస్తాడు.

నాకు ఈ వీధిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటుకి సరైన బోర్డు కూడా లేదు. ఐబ్రోస్ చేసే పార్లర్ వెనక సగం గది. అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక ఫాల్-పికో మిషన్, మగ్గం బిగించిన చెక్క చట్రం. నడిపేది మన గుంటూరు జిల్లా ఆడపడుచు. ఆవిడా నాలాగే హెచ్-4 మీద వచ్చింది. చేతిలో అంత పని ఉండీ ఏళ్ళ తరబడి ఒక్క డాలరు సంపాదించడానికి వీల్లేక కూర్చుంది. 2015 మే 26 నుంచి, భర్తల గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన హెచ్-4 ఆడవాళ్ళకి పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. కార్డు చేతికొచ్చిన నెలలోనే ఆవిడ ఆ సగం గది అద్దెకి తీసుకుంది. ఇవాళ బతుకమ్మకి ముందు, సంక్రాంతికి ముందు ఆవిడ దగ్గర బ్లౌజు ఇవ్వాలంటే ఆరు వారాల ముందే చెప్పాలి. ఆదిబ్లౌజు ఒకటి ఇస్తే చాలు, కొలతల పుస్తకంలో మీ పేజీ ఉండిపోతుంది. "లావయ్యావా, అక్కా?" అని మొహం మీదే అడుగుతుంది, అది మాత్రం భరించాలి.

ఓక్ ట్రీ రోడ్డు మీద పార్లర్లలో దారంతో కనుబొమలు దిద్దే చేతులూ, మిఠాయి కొట్టు వెనక గదిలో కజ్జికాయలు మడిచే చేతులూ, కర్రీ పాయింట్‌లో తెల్లవారకుండానే ఉల్లిపాయలు తరిగే చేతులూ చాలావరకు ఆడవాళ్ళవే. డిగ్రీలు ఉండి వీసా కుదరనివాళ్ళు, డిగ్రీలు లేక చేతిపని మాత్రం ఉన్నవాళ్ళు, పిల్లలు బడికెళ్ళే టైములో నాలుగు గంటలే దొరికేవాళ్ళు. అమెరికాలో వాళ్ళ మొదటి జీతం ఈ వీధి ఇచ్చింది.

అందుకే ఈ మధ్య ఇక్కడ నడుస్తుంటే కాస్త దిగులుగా ఉంటుంది. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాయి, మా ఇంట్లోనూ ఉన్నాయి. మంచు కురిసే రోజుల్లో, ఒంట్లో బాగాలేనప్పుడు అవి దేవుడిచ్చిన వరం. కానీ మా అపార్ట్‌మెంట్‌కి దగ్గరగా ఉండే తెలుగువాళ్ళ చిన్న కిరాణా రెండేళ్ళ కిందట మూతపడింది. అద్దె పెరిగింది, జనం తగ్గారు. ఆ షాపు గుమ్మం పక్కన ఒక బోర్డు ఉండేది. గది అద్దెకుంది, పిల్లల్ని చూసుకుంటాం, సంగీతం నేర్పుతాం, అమ్మ ఇండియా వెళ్తోంది తోడు కావాలి అని చేతిరాతతో చీటీలు. మా పాపని చూసుకున్న అమ్మ ఆ బోర్డు మీదే దొరికింది. నా మొదటి స్నేహితురాలూ ఆ చీటీ ముందే పరిచయం, ఇద్దరం ఒకే ఫోన్ నంబరు రాసుకుంటూ. ఆ షాపు పోయాక కందిపప్పుకి లోటేం రాలేదు. ఇవాళ కారు రాక, ఇంగ్లీషు సాగక, ఒళ్ళో పాపతో కొత్తగా దిగిన అమ్మాయి ఆ చీటీ ఎక్కడ చూడాలో మాత్రం నాకు తెలియడం లేదు. వాట్సాప్ గ్రూపు ఉందంటారు. గ్రూపులో చేర్చేవాళ్ళు ముందు ఒకరు తెలియాలి కదా!

నేను చేసేది చిన్న పనే. బియ్యం, నూనె పెద్ద షాపులో కొంటాను. పచ్చళ్ళు, పొడులు, మిఠాయి, కుట్టుపని, గాజులు మాత్రం చిన్న చోట. కూరలు కావాలంటే యాప్‌లో కాకుండా హోటల్‌కే ఫోన్ చేసి, వెళ్ళి తెచ్చుకుంటాను, కమీషను వాళ్ళకే మిగులుతుంది. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోబెట్టకుండా పొద్దున పది గంటలకి ఐసెలిన్ వైపు దింపేసి వెళ్తాను. ఆ ఫుట్‌పాత్ మీద నాన్నకి తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా దొరుకుతారు, అమ్మకి మెంతికూర కట్ట ధర మీద దెబ్బలాడే అవకాశం దొరుకుతుంది.

మీరు న్యూయార్క్ వైపు వస్తే ఒక రోజు ఇటు కేటాయించండి. పెన్ స్టేషన్‌లో నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలెక్కి మెట్రోపార్క్‌లో దిగితే అక్కడి నుంచి టాక్సీలో దగ్గరే. కుదిరితే శని, ఆదివారాలు వద్దు, పార్కింగ్‌కే గంట పడుతుంది. సోమ, మంగళవారాల్లో కొన్ని చీరల షాపులు మూసేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పొద్దున టిఫిను, తర్వాత చీరలు, మధ్యాహ్నం ఝూప్‌డీలో భోజనం, సాయంత్రం చాట్, తిరిగేటప్పుడు మిఠాయి. కారుంటే సాయంత్రం బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి, దర్శనమయ్యాక కాంటీన్‌లో పులిహోర తినండి.

బ్లౌజు గుడ్డ కూడా తెచ్చుకోండి, ఆదిబ్లౌజుతో సహా. పార్లర్ వెనక సగం గది ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆరు వారాల గడువు మాత్రం ముందే చెప్పానని గుర్తుంచుకోండి.